‘దిద్దుబాటు’ మీద వ్యాసం: ఉపోద్ఘాతం దగ్గరే రెండుసార్లు వెనక్కి వచ్చింది, ఎలా మొదలుపెట్టాలి?

బీకాం టు తెలుగు:

నమస్తే అండీ. ఎంఏ తెలుగు మొదటి సంవత్సరం చదువుతున్నా. డిగ్రీ బీకాం. మూడేళ్ళు ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాసి, ఆ తర్వాత ఇష్టంకొద్దీ ఇటు వచ్చాను కాబట్టి సాహిత్య వ్యాసం ఎలా రాయాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఇక్కడేమో అందరికీ వచ్చే ఉంటుందనుకుని ఎవరూ చెప్పడం లేదు. ఇంటర్నల్స్‌కి గురజాడ ‘దిద్దుబాటు కథలో సంస్కరణ దృక్పథం’ అని ఇచ్చారు. పన్నెండు పేజీలు చేత్తో రాశాను. మేడం రెండుసార్లు వెనక్కి ఇచ్చేశారు. మొదటిసారి తొలి పేరా పక్కన ఎర్రసిరాతో నిలువుగా గీత గీసి ‘ఇది ఎవరి జీవిత చరిత్ర?’ అని రాశారు. మార్చి ఇస్తే ఈసారి ‘ఉపోద్ఘాతం ఎక్కడ?’ అన్నారు. మిగతా పదకొండు పేజీల మీద ఒక్క గీత కూడా లేదు, అంటే చదివారో లేదో కూడా తెలీదు. వెళ్ళి అడుగుదామంటే టెన్షన్.

ఇదీ నేను మొదట రాసింది, నవ్వకండి:

“గురజాడ వేంకట అప్పారావు గారు 1862 సెప్టెంబరు 21న ఎలమంచిలి దగ్గరి రాయవరంలో జన్మించారు. విజయనగరంలో మహారాజా వారి కాలేజీలో అధ్యాపకులుగా పనిచేశారు. వీరి ‘కన్యాశుల్కం’ నాటకం 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయింది. వీరు ఆధునిక సాహిత్యానికి యుగకర్త. సాహిత్యం సమాజానికి అద్దం వంటిది. ‘దిద్దుబాటు’ తెలుగులో మొట్టమొదటి కథ. ఇది 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. ఈ కథను వీరు పూర్తిగా వాడుక భాషలో రాశారు. ఈ వ్యాసంలో ఈ కథలోని సంస్కరణ దృక్పథాన్ని పరిశీలిద్దాం.”

రెండోసారి పుట్టినతేదీ, కాలేజీ తీసేసి, ‘సాహిత్యం అంటే హితంతో కూడినది’ అని మొదలుపెట్టి, స్త్రీవిద్య గురించి నాలుగు లైన్లు కలిపాను. అది ఇంకా ఘోరంగా ఉందని నాకే అనిపించింది. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? పన్నెండు పేజీల వ్యాసానికి ఉపోద్ఘాతం ఎంత ఉండాలి? కవి పరిచయం రాయాలా వద్దా? గురువారం ఆఖరు రోజు.


మూడో అటెంప్ట్:

బ్రో, నేను సివిల్స్‌కి తెలుగు ఆప్షనల్ తీసుకున్నా. మాకు రెండో పేపర్లో గురజాడ కథల సంపుటి ‘ఆణిముత్యాలు’ ఉంది, అందులోదే ఈ కథ కూడా. అక్కడ పది మార్కుల ప్రశ్నకి 150 మాటలే గనక ఉపోద్ఘాతం అంటే రెండు వాక్యాలు, అంతే. నేను మొదటి అటెంప్ట్‌లో ప్రతి జవాబుకీ కవి పుట్టుక నుంచి మొదలెట్టాను, సగం జవాబు అక్కడే అయిపోయేది, అసలు విషయానికి వచ్చేసరికి టైమూ లేదు, చోటూ లేదు. ఇప్పుడు ఏం చేస్తున్నానంటే ప్రశ్నలో ఉన్న బరువైన మాట ఏదో చూసి మొదటి వాక్యంలోనే దాన్ని పట్టుకుంటున్నా. నీ ప్రశ్నలో ఆ మాట ‘సంస్కరణ’. నీ పేరాలో అది ఎక్కడుంది? ఆఖరి లైన్లో, అదీ ప్రశ్నని తిప్పి రాసినప్పుడు.


బీకాం టు తెలుగు:

బ్రో కాదండీ, అక్కని. 🙂 కానీ పాయింట్ అర్థమైంది.


ఎర్రపెన్ను:

డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను, పరీక్షల జవాబు పత్రాలు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కి కూడా వెళ్తుంటాను కాబట్టి మీ మేడం ఆ గీత ఎందుకు గీశారో నాకు తెలుసు. రోజుకి ముప్పై నలభై పేపర్లు దిద్దుతాం. వాటిలో సగానికి పైగా పుట్టినతేదీతోనే మొదలవుతాయి. మిగతావి ‘సాహిత్యం సమాజానికి అద్దం’తో. మీరు రెండూ ఒకే పేరాలో పెట్టారు, ధైర్యమే. అవి కనిపించగానే కన్ను దానంతటదే కిందికి జారుతుంది, అసలు మాట ఎక్కడ మొదలవుతుందా అని వెతుక్కుంటుంది. మీ మిగతా పేజీల మీద గీత లేకపోవడానికి కారణం అదే అయ్యుండొచ్చు, అసలు అక్కడిదాకా రాలేదేమో.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. మీ మొదటి పేరాలో ‘దిద్దుబాటు’ అన్నచోట ‘కన్యాశుల్కం’ అని మార్చి, సంవత్సరమూ పత్రికా సరిచేసి చదవండి. ఏమైనా ఇబ్బంది వచ్చిందా? రాలేదు. ఇంకాస్త మారిస్తే ఆయన గేయం ‘పూర్ణమ్మ’కీ సరిపోతుంది. ఏ రచనకైనా అతికే పేరా మీ వ్యాసానికి ఉపోద్ఘాతం ఎలా అవుతుంది? అద్దెకు తెచ్చిన షామియానా లాంటిది అది, పెళ్ళికీ వేస్తారు, తద్దినానికీ వేస్తారు.

పైగా ఆ తొమ్మిది వాక్యాల్లో రెండు గొడవ తెచ్చేవి ఉన్నాయి. ‘తెలుగులో మొట్టమొదటి కథ’ అని అంత ధీమాగా రాసేశారు. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే హిందూ సుందరి పత్రికలో వచ్చింది. ఆవిడే తొలి కథకురాలని వాదించేవాళ్ళున్నారు, ఆధునిక కథ లక్షణాలు ‘దిద్దుబాటు’లోనే పూర్తిగా ఉన్నాయని పట్టుబట్టేవాళ్ళూ ఉన్నారు. ఏ పక్షమైనా సరే, వాదం నడుస్తున్న విషయాన్ని తీర్పులాగా ఒక లైన్లో పడేసి వెళ్ళిపోతే, ఆ వాదం తెలిసిన మనిషి అక్కడే ఆగిపోతుంది. మీ వ్యాసానికి ఆ వాదం అక్కర్లేదు కూడా, అంశం సంస్కరణ కదా. అక్కర్లేని చోట తలదూర్చడం ఎందుకు? (సరదాకి ఒక మాట: ‘ధనత్రయోదశి’లోనూ భర్త తప్పుదారి పడితే భార్యే నిలబడి సరిచేస్తుంది. ఎనిమిదేళ్ళ ముందు ఒక స్త్రీ రాసిన కథ. ఎప్పుడైనా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి రాయండి, మంచి వ్యాసం అవుతుంది.)

రెండో గొడవ ‘పూర్తిగా వాడుక భాషలో’. దాని గురించి తర్వాత చెబుతా, ల్యాబ్ ఎగ్జామ్ ఇన్విజిలేషన్ ఉంది. ఈలోపు మీరు ఒక పని చేయండి. మీ పన్నెండో పేజీలో ఏం రాశారో ఇక్కడ పెట్టండి. మొదటి పేజీ కాదు, పన్నెండోది.


గట్టున కూర్చున్నోడు:

అందరూ పెద్ద పెద్ద మాటలు చెబుతారు కానీ నేను ప్రాక్టికల్‌గా చెబుతున్నా. మా డిపార్ట్‌మెంట్లో ఒక సార్ ఉండేవారు, కవి పరిచయం లేకపోతే ‘కవిని గౌరవించడం నేర్చుకో’ అని మార్కులు తీసేసేవారు. నేను ఇట్లాగే కొత్తగా ఉంటుందని కథలోని డైలాగుతో మొదలుపెట్టి ఒక పేపర్ రాస్తే ‘ఇది సినిమా సమీక్షా?’ అన్నారు. కాబట్టి ముందు నీ మేడం ఏం కోరుకుంటుందో కనుక్కో. సీనియర్ల పాత అసైన్‌మెంట్లు ఎవరి దగ్గరైనా ఉంటాయి, మంచి మార్కులు వచ్చినవి రెండు చూడు. ఇక్కడ మేము ఏం చెప్పినా మార్కులు వేసేది ఆవిడే.


ఎర్రపెన్ను:

గట్టున కూర్చున్నోడు గారూ, మీరన్నది నిజమే, అలాంటివాళ్ళు ఉన్నారు. కానీ ఈవిడ మేడం ‘ఎవరి జీవిత చరిత్ర’ అని అడిగారంటే ఆ కోవ కాదని తెలిసిపోతోందిగా.


పాతబడి మాస్టారు:

అమ్మాయ్, నేను హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరైనవాణ్ణి. ఎంఏ వాళ్ళకు చెప్పేంతవాణ్ణి కాదు గానీ, నీ పేరా చూస్తే ఒకటి అనిపించింది, రాస్తున్నా.

నువ్వు రాసింది తప్పేమీ కాదు, పాత అలవాటు, అంతే. మన కావ్యాల్లో అవతారిక, అంటే ముందుమాట లాంటి భాగం, చూశావుగా, ముందు ఇష్టదేవతా స్తుతి, తర్వాత పూర్వకవులకు దండం, కుకవులకు రెండు తిట్లు, ఆ పైన కృతిపతి, అంటే కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవాడి వంశం, ఇదంతా అయ్యాక కథ. మనవాళ్ళు పరీక్షల్లో చేసేదీ అదే, దేవుడి స్థానంలో కవిని కూర్చోబెట్టి పుట్టుక, చదువు, బిరుదులు అన్నీ చదివి దండం పెట్టి, అప్పుడు విషయానికి వస్తారు. అది వందల ఏళ్ళ అలవాటు, ఒక్క ఎర్రగీతతో పోదు.

అయితే అదే సంప్రదాయంలో ఇంకో దారి కూడా ఉంది. దండి కావ్యాదర్శంలో కావ్యం మొదలుపెట్టడానికి మూడు తీరులు చెప్పాడు: ఆశీస్సు, నమస్క్రియ, వస్తునిర్దేశం. దీవించి మొదలుపెట్టొచ్చు, మొక్కి మొదలుపెట్టొచ్చు, లేదా సరాసరి విషయాన్ని ఎత్తుకోవచ్చు. కాళిదాసు కుమారసంభవంలో దండం గిండం ఏమీ లేదు, ఉత్తరదిక్కున హిమాలయం ఉంది అని మొదలెట్టేశాడు. పార్వతి పుట్టిల్లు అది. కథ జరిగే చోటే మొదటి శ్లోకం. దాన్నే వస్తునిర్దేశానికి ఉదాహరణగా చూపిస్తారు.

నువ్వు నమస్క్రియ చేశావు తల్లీ, వస్తునిర్దేశం మరిచిపోయావు. మీ మేడం ‘ఉపోద్ఘాతం ఎక్కడ’ అన్నది దాని గురించేనని నా అనుమానం.

ఇంకోటి, కథకి ఎత్తుగడ అంటాం చూడు, గురజాడే ఈ కథని ఎలా ఎత్తుకున్నాడో గమనించావా? పరిచయం లేదు, వర్ణన లేదు. ఒకడు ‘తలుపు! తలుపు!’ అంటూ ఉంటాడు. ఎవడు, ఎవరి తలుపు, ఎందుకు తీయడం లేదు, ఏమీ చెప్పడు. ఇంత సూటిగా మొదలైన కథ మీద వ్యాసం రాస్తూ నువ్వేమో రాయవరం నుంచి బండి కట్టుకుని బయల్దేరావు.


బీకాం టు తెలుగు:

మాస్టారూ 😂 రాయవరం నుంచి బండి. ఇది మా రూమ్మేట్‌కి చదివి వినిపించా, ఇద్దరం పడి పడి నవ్వాం.

మేడం (ఎర్రపెన్ను గారు) అడిగారు కదా, పన్నెండో పేజీలో ఇలా ఉంది, ఉన్నదున్నట్టు పెడుతున్నా:

“చివరగా చెప్పాలంటే కథానాయకుడు గోపాలరావు చెడ్డవాడు కాదు. స్త్రీకి చదువు కావాలంటాడు. ఆడదానికి చదువెందుకని నౌకరు రాముడు అంటే, వాణ్ణి మూర్ఖుడా అని తిట్టి, చదువుకున్న స్త్రీ భగవంతుడి సృష్టిలో ఉత్కృష్టమైనదని చెప్తాడు. సానుల ఆటపాటలు వద్దనే యాంటీనాచ్ మనిషి కూడా. కానీ అతనే రాత్రి సానిపాటకు వెళ్ళి వస్తున్నాడు. భార్యకు మాత్రం లోకహితం కోసం మీటింగులకు వెళ్తున్నానని అబద్ధం చెప్పాడు. కాబట్టి ఈ కథలో దిద్దుకోవలసినవాడు సంస్కర్తే. భార్య కమలిని ఉత్తరంలో అతను చెప్పిన ఆ మీటింగుల మాట, ఆ లోకహితం మాటే మళ్ళీ అతనికి అప్పజెప్పింది. గొడవ పడలేదు, ఏడవలేదు. ‘ప్రియా’ అని రాయాల్సిన చోట ‘అయ్యా’ అని రాసింది, అంతే.”

ఇది రాసేటప్పటికి రాత్రి రెండైంది, నిద్రమత్తులో రాశాను, దీని గురించి పెద్దగా ఆలోచించలేదు. ‘చివరగా చెప్పాలంటే’ అనే ముక్క తప్పేమో కదా.


ఎర్రపెన్ను:

ఇదిగో, దొరికింది. మీ ఉపోద్ఘాతం ఆఖరి పేజీలో కూర్చుని ఉందమ్మా.

ఇది చాలామందికి జరిగేదే. మనం ఏం అనుకుంటున్నామో రాస్తూ ఉంటేనే మనకు తెలుస్తుంది, పది పేజీలు రాశాక గానీ అసలు మాట నోటికి రాదు, ఆ మాట వచ్చేసరికి కాగితాలు అయిపోతాయి, ‘చివరగా చెప్పాలంటే’ అని దాన్ని ముగింపు కింద పెట్టేస్తాం. చదివేవాళ్ళకి మాత్రం పదకొండు పేజీలు ఎటు పోతున్నామో తెలీకుండా నడవాల్సి వస్తుంది. అందుకే మా పిల్లలకి చెబుతుంటాను, మొదటి పేరా ఆఖర్న రాయండి అని. ముందు ఒక ఖాళీ పేజీ వదిలేసి, రెండో పేజీ నుంచి మొదలుపెట్టండి. మీరు లెక్కలు రాసిన మనిషి కదా, ఏడాది అయ్యాకే కదా బ్యాలెన్స్ షీట్ వేసేది? కానీ వార్షిక లెక్కల్లో అది ముందుంటుంది.

మీ ‘దిద్దుకోవలసినవాడు సంస్కర్తే’ అన్న వాక్యం చూడండి. దాన్ని కన్యాశుల్కానికి తగిలించి చూడండి, ఇందాకటంత తేలిగ్గా అతకదు. (అందులో సంస్కర్తలా మాట్లాడే గిరీశాన్ని పట్టుకుని అతికించొచ్చు అంటారేమో, కానీ అక్కడ మళ్ళీ వేరే వాదన చేయాలి.) పైగా దీనితో ఒప్పుకోని వాళ్ళు ఉంటారు. గురజాడ సంస్కరణని సమర్థిస్తూ రాశాడు, గోపాలరావు కాస్త జారాడు, భార్య సరిచేసింది, సుఖాంతం అని చదివేవాళ్ళే ఎక్కువ. ఒప్పుకోని మనిషి ఒకరు ఉన్నప్పుడే వ్యాసం రాయడంలో అర్థం ఉంటుంది, అందరూ తలూపే మాటకి పన్నెండు పేజీలు ఎందుకు?

పొడవు అడిగారు. పన్నెండు చేతిరాత పేజీలకి ముప్పాతిక పేజీ చాలు. పేజీ దాటితే ఊకదంపుడే.

కవి పరిచయం: మీ వాదనకి పనికొచ్చే ముక్క ఉంటే ఒక్కటి ఉంచండి. ఎలమంచిలి పనికిరాదు. 1910 పనికొస్తుంది, ఎందుకంటే అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో యాంటీనాచ్ ఉద్యమం మొదలై పదిహేనేళ్ళు దాటింది, వీరేశలింగం, రఘుపతి వెంకటరత్నం నాయుడు లాంటి సంస్కర్తలు సానిమేళాలకు వెళ్ళకూడదని గట్టిగా చెబుతున్న కాలం. ఆ కాలంలో పేరుకి ఆ పక్షంలో ఉండి చాటుగా పాటకి పోయే మగవాణ్ణి కథలోకి తెచ్చాడంటే, ఆ ఎత్తిపొడుపు ఎవరికి తగులుతుందో అప్పటి పాఠకుడికి తెలుసు. ఈ సంగతి ఇప్పటి పాఠకుడికి మీరే చెప్పాలి. ఉపోద్ఘాతంలో ఇవ్వాల్సిన నేపథ్యం అలాంటిది.


డాలస్ అమ్మ:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మాయి ఇక్కడ అమెరికాలో హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి కోర్సు) ఇంగ్లీష్ లిటరేచర్ తీసుకుంది. రెండు గంటల్లో మూడు వ్యాసాలు రాయాలి, ఒక్కో వ్యాసానికి ఆరు పాయింట్లు. అందులో ఒక పాయింట్ అచ్చంగా ‘థీసిస్’, అంటే వ్యాసం వాదించబోయే మాట, ఉందా లేదా అన్నదానికే, అది ప్రశ్నను తిప్పి చెప్పడం అయితే సున్నా. మిగతా వాటిలో నాలుగు పాఠం నుంచి సాక్ష్యం చూపించి వివరించడానికి. నేను గుంటూరులో ఇంటర్ చదివిన రోజుల్లో ‘పరిశీలిద్దాం’, ‘తెలుసుకుందాం’ అని రాస్తే సరిపోయేది, దానికి ఇక్కడ ఒక్క పాయింట్ కూడా రాదు.

కానీ ఇక్కడ వేరే జబ్బు ఉందండీ. ‘హుక్’ అని ఒకటి నేర్పుతారు, మొదటి వాక్యం చేపని పట్టే గాలంలా ఉండాలట. దాంతో పిల్లలందరూ ‘మానవజాతి పుట్టినప్పటినుంచీ ప్రేమ అనేది...’ అని మొదలుపెడతారు. మా అమ్మాయి రాసింది చూసి నేను అన్నా, ఇది మా ‘సమాజానికి అద్దం’ లాగే ఉందే అని. మనం కవి ఊరి నుంచి బయల్దేరితే వీళ్ళు ఆదిమానవుడి దగ్గర్నుంచి బయల్దేరతారు. వాళ్ళ టీచర్ చివరికి ఏం చెప్పిందంటే, పుస్తకంలోంచి నిన్ను ఇబ్బంది పెట్టిన చిన్న వస్తువు ఒకటి చూపించి మొదలుపెట్టు అని. మీ ‘అయ్యా’ అలాంటిదే అనిపించింది, అందుకే రాస్తున్నా. ఆ ఉత్తరం నేను ఎప్పుడో చదివాను, ఆ ‘అయ్యా’ మాత్రం మర్చిపోయాను, మీరు చెప్పాక ఒళ్ళు జలదరించింది.


మూడో అటెంప్ట్:

అక్కా, ఎర్రపెన్ను గారు వాడుక భాష గురించి చెబుతానన్నారు, ఇంకా చెప్పలేదు. నేను కూడా నోట్స్‌లో ‘వాడుక భాషలో రాసిన తొలి కథ’ అనే రాసుకున్నా. టెన్షన్ పట్టుకుంది.


పాతబడి మాస్టారు:

దానికి నేను చెప్తాను నాయనా, పుస్తకం ఒళ్ళోనే ఉంది. సంభాషణలు వాడుకలోనే ఉన్నాయి, గోపాలరావు మాట, రాముడి మాట మన ఇంట్లో విన్నట్టే ఉంటాయి. రాముడిదైతే ఉత్తరాంధ్ర నౌకరు మాట. కానీ కథ చెప్పే గొంతు చూడు. గడియారం ఒంటిగంట ‘కొట్టెను’ అంటాడు. ఆఖరి వాక్యంలో మంచం కిందినుంచి నవ్వు, గాజుల చప్పుడు ‘విననయ్యెను’ అంటాడు. ఇవి వాడుక రూపాలా? ఇక కమలిని ఉత్తరం అచ్చంగా గ్రాంథికం, చదువుకున్న ఆడపిల్ల పద్ధతిగా రాసిన భాష. అంటే ఒకే చిన్న కథలో మూడు భాషలున్నాయి. ‘పూర్తిగా వాడుక భాష’ అని రాసేవాళ్ళు వ్యావహారిక భాషోద్యమం పాఠం గుర్తుపెట్టుకుని రాస్తున్నారు, కథ తెరిచి చూసి రాయడం లేదు. పాఠం నిజమే, కథ కాస్త వేరు.

అమ్మాయ్, ఇది నీకు పనికొస్తుందేమో చూడు. మొగుడు తప్పు చేసి వచ్చి వాడుకలో గొణుక్కుంటాడు, పెళ్ళాం అతని సభల స్థాయి భాషలో జవాబిస్తుంది. ఆ ఉత్తరానికి ఆ భాష ఊరికే పెట్టలేదు గురజాడ. అయితే ఉపోద్ఘాతంలో దీన్ని కూరకు. లోపల ఒక పేజీ దీనికి కేటాయించు. ఉపోద్ఘాతంలో అన్నీ చెప్పేస్తే లోపల ఏం చెబుతావు?


గట్టున కూర్చున్నోడు:

ఇది మాత్రం బాగుంది మాస్టారూ. నేను రెండేళ్ళు ఎంఏ చదివి ఈ ‘కొట్టెను’ చూడలేదు.


బీకాం టు తెలుగు:

నిన్న రాత్రి కథ మళ్ళీ రెండుసార్లు చదివాను. సిగ్గుగా ఉంది, వ్యాసం రాసేముందు ఒక్కసారే చదివాను, మిగతాది గైడు. ఇప్పుడు మొదటి పేరా ఇలా రాశాను, మొహమాటం లేకుండా చెప్పండి:

“అర్ధరాత్రి ఒంటిగంటకు ఇంటికొచ్చిన గోపాలరావుకు తలుపు తీసేవాళ్ళు లేరు. లోపల ఒక ఉత్తరం ఉంది. అది ‘ప్రియా’ అని కాక ‘అయ్యా’ అని మొదలవుతుంది. 1910లో, సానిమేళాలను మానాలని సంస్కర్తలు గట్టిగా చెబుతున్న రోజుల్లో, ఆ మాట చెప్పే పక్షానికి చెందినవాడే సానిపాట విని ఇంటికి వస్తున్నాడు. భార్యతో మాత్రం లోకహితం కోసం మీటింగులకు వెళ్తున్నానని చెబుతున్నాడు. ‘దిద్దుబాటు’ సంస్కరణను సమర్థించే కథ అని సాధారణంగా చెబుతారు. కానీ ఇందులో తప్పు చేసినవాడు ఛాందసుడు కాదు, సంస్కర్త. అతన్ని దిద్దినది సభ కాదు, ఉపన్యాసం కాదు, చట్టం కాదు, చదువుకున్న భార్య రాసిన ఒక చిన్న ఉత్తరం. గురజాడ ఈ కథలో సంస్కర్తలనే పరీక్షకు కూర్చోబెట్టారని, ఆ పరీక్ష పెట్టే శక్తి కమలినికి ఆమె చదువు వల్లే వచ్చిందని, ఆ పరీక్షలో గోపాలరావు పరిపూర్ణంగా నెగ్గాడో లేదో చెప్పకుండానే కథ ముగిసిందని ఈ వ్యాసం నిరూపిస్తుంది.”

గోపాలరావు నిజంగా మారాడా అన్నది నిన్న చదువుతుంటే తట్టింది. ఆమె వెళ్ళిపోయిందనుకుని బాధపడ్డాడు, మంచం కింద నవ్వు వినపడింది, కథ అయిపోయింది. ఆ మర్నాడు రాత్రి ఏం జరిగిందో గురజాడ చెప్పలేదు కదా?


ఎర్రపెన్ను:

ఇది మీ పేరా. ఇంకెవరి వ్యాసానికీ అతకదు. నేనైతే ఇక్కడి దాకా చదివి పేజీ తిప్పుతాను.

మూడు దిద్దుబాట్లు. ‘సాధారణంగా చెబుతారు’: ఎవరు చెబుతారు? ఇలా రాస్తే గాలిలో బాణం వేసినట్టుంటుంది. మీ పాఠ్యపుస్తకం ముందుమాటలోనో గైడులోనో అలా రాసి ఉంటే ‘పాఠ్యగ్రంథాల్లో ఈ కథను ఇలా పరిచయం చేస్తున్నారు’ అని రాయండి, లోపల ఒక ఉదాహరణ చూపండి. రెండు, ‘సభ కాదు, ఉపన్యాసం కాదు, చట్టం కాదు’ అన్నది చప్పట్ల కోసం రాసినట్టు ఉంది. ఒకరకంగా గోపాలరావు మాట్లాడే తీరు అది! ‘అతన్ని దిద్దినది చదువుకున్న భార్య రాసిన చిన్న ఉత్తరం’ అనండి, చాలు. మూడు, మర్నాడు రాత్రి సంగతి. ఇది మీ వ్యాసంలో అన్నిటికంటే కొత్త మాట, కానీ పాత పన్నెండు పేజీల్లో దీని గురించి ఏమీ లేదు కదా? ఉపోద్ఘాతంలో మాట ఇస్తే లోపల చెల్లించాలి. ఒక పేజీ కొత్తగా రాయగలిగితే ఉంచండి, లేకపోతే ఈ ముక్క తీసేయండి. మనసుకు కష్టమే, నాకు తెలుసు.


పాతబడి మాస్టారు:

‘పరిపూర్ణంగా నెగ్గాడో లేదో’లో ‘పరిపూర్ణంగా’ తీసేయమ్మా. నెగ్గడమో ఓడడమో, మధ్యలో పరిపూర్ణం ఏమిటి. ‘నిరూపిస్తుంది’ కూడా పెద్ద మాట, ఇదేమైనా లెక్కల సిద్ధాంతమా? ‘చూపుతుంది’ అను.


డాలస్ అమ్మ:

మా అమ్మాయికి ఈ పేరా ఇంగ్లీషులో చెప్పాను. ‘ఆవిడ మంచం కింద ఎంతసేపటి నుంచి ఉంది?’ అని అడిగింది. అంటే అతని మాటలన్నీ, రాముడితో అన్నవి కూడా, ఆమె వింటూనే ఉంది కదా. నాకు అది తట్టలేదు ఇన్నేళ్ళు.


బీకాం టు తెలుగు:

అమ్మో. అవును. అతను చదువుకున్న స్త్రీ గురించి రాముడికి ఇచ్చిన ఉపన్యాసం అంతా ఆమె కింద నుంచి వింటోంది! నా కొత్త పేజీ దొరికిందండీ, మీ అమ్మాయికి థ్యాంక్స్ చెప్పండి. అతని సభకి అసలు శ్రోత మంచం కింద ఉంది. మర్నాడు రాత్రి సంగతి కూడా ఇక్కడే కలిపేస్తాను, మాట ఇచ్చాను కాబట్టి.

‘పరిపూర్ణంగా’ తీసేశాను మాస్టారూ. ‘కాదు కాదు కాదు’ కూడా తీసేశాను, చదువుకుంటే నిజంగానే గోపాలరావు గొంతు వినిపించింది. గైడులో లైను దొరికింది, అదే రాస్తున్నా. ఇప్పుడు మొత్తం మళ్ళీ చేత్తో రాయాలి, పదమూడు పేజీలు, రేపే గురువారం. పెన్ను అయిపోయింది, హాస్టల్ ఎదురు షాపు తొమ్మిదింటికి మూసేస్తాడు, వెళ్తున్నా.